తరుగు

ముప్ఫై ఒక్క ఏళ్లు కాటా దగ్గర నిలబడినవాణ్ణి.
ఏ ముల్లూ పూర్తి నిజం చెప్పదని
నాకొకరు చెప్పనక్కర్లేదు.
ఎంత తప్పు చెబుతుందో తెలిస్తే చాలు,
ఆ మేరకు తరుగు తీసి
చిట్టాలో రాసుకుంటాం.

నాజ్ సెంటర్లో జిలానీ
గాజుబల్ల మీద మూడు జీపీఎస్‌లు పెట్టాడు.
సైకిలు మీద ధనుష్కోటి దాకా అంటే నవ్వలేదు,
అందుకే ఆ కొట్టుకు వెళ్లాను.

మొదటిదానికి మొహమంతా తెరే.
ఊళ్లు రంగుల్లో, చెరువులు నీలంగా,
వేలితో తాకితే తమిళదేశం తెరుచుకుంటుందట.
తాకాను. తెరుచుకోలేదు.
తేజ రకం కారం నా వేళ్లను
రెండు స్నానాలు చేసినా వదలదు.
దానికి చెమట తోడైతే
ఆ తెర లెక్కలో నేను మనిషినే కాను.

రెండోది ఎండకు తనే ఛార్జి అవుతుంది.
ధర విన్నాక,
గుంటూరులో ఎండకు ఇంత రేటేమిటయ్యా అన్నాను.
జిలానీ లెక్కల పుస్తకంలోకి చూశాడు.

మూడోది సబ్బుబిళ్లంత. మొరటుది.
పక్కన ఐదు మీటలు,
కడుపులో రెండు పెన్సిల్ సెల్లులు.
గోడగడియారం ఉన్న ప్రతి ఊళ్లోనూ దొరికే సెల్లులు.
"ఎవరూ కొనట్లేదండీ, పాత సరుకు."
నిజం చెప్పే వ్యాపారి మీద
మా యార్డువాళ్లకు అనుమానం ఎక్కువ.

ఫోను చాలదా అన్నాడు ప్రభుదాసు మాస్టారు.
చాలదు. కిందటేడు ఇంకొల్లు దాటాక
నల్లరేగడి మధ్య వాన పట్టుకుంటే
ఫోను తడిసిన అట్టముక్క అయింది.
పొగాకు బ్యారన్ చూరు కింద రాత్రంతా
చీరాల ఎటువైపో
కప్పల్ని అడుగుతూ కూర్చున్నాను.

ఆదివారం తూచుకు రమ్మని
జిలానీ రెండిటినీ ఇచ్చి పంపాడు.
హ్యాండిలుకు ఈ పక్క తెరది, ఆ పక్క సబ్బుబిళ్ల,
పొన్నూరు మీదుగా బాపట్ల.
చేబ్రోలు దాకా ఇద్దరిదీ ఒకే మాట.
నిడుబ్రోలు దగ్గర తెరది
నన్ను వంద గజాలు కాలవలో నడిపించింది,
సబ్బుబిళ్ల పక్క చేలో మినుములు తొక్కించింది.
బాపట్ల స్టేషను ముందు దిగి చూస్తే
ఒకటి యాభై ఒకటి పాయింటు మూడు,
ఒకటి యాభై పాయింటు ఆరు.
రోడ్డు రాళ్ల లెక్క ఈ రెండూ కాదు.
మోకాళ్ల లెక్క డెబ్బై.
తిరుగుదారిలో, పొన్నూరు ఇంకా రాకముందే
తెర మొహం నల్లగా పెట్టుకుని పడుకుంది.

సోమవారం ఏసోబు బస్తా దించి
సబ్బుబిళ్లను అరచేతిలో తిప్పి చూశాడు.
"కుక్కలు ఎక్కడుంటాయో చెబుద్దా?"
చెప్పదు.
"ఎదురుగాలి?"
ఊహూఁ.
"నీళ్లు తియ్యగా పడే బోరింగు?"
అదీ లేదు.
"మరేం చెబుద్ది గుమాస్తా?"
మనం ఎక్కడున్నామో.
"అది నాకు తెలుసుగా" అని
ఇంకో బస్తాకు వీపు ఒగ్గాడు.

ఏడో నంబరు కాటా, ఎడంపక్క.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా
నాకూ తెలుసుగా.

కొన్నాను.
చిన్న తక్కెట్లో వేస్తే సెల్లులతో నూట నలభై గ్రాములు,
పెట్టె మీద రాసిన దానికన్నా నాలుగు ఎక్కువ.

తెల్లారకముందు యార్డు గేటు ముందు
మీట నొక్కాను.
ఉపగ్రహాలు వెతుకుతున్నాను, కదలవద్దు అంది.
కాటా అయినా అంతే,
సున్నా పట్టేదాకా దానిమీద ఈగ వాలకూడదు.
ఒక కాలు నేల మీద, ఒకటి పెడలు మీద,
ఘాటుకు వచ్చే తుమ్ము కూడా ఆపుకుని
రవ్వంత కదలకుండా నిలబడ్డాను.
మూడు చుక్కలు దొరికాయి. ఐదు. ఏడు.

గంటకు అరకిలోమీటరు చొప్పున
నేను దక్షిణానికి పోతున్నట్టు చూపించింది.

దీనికి మాత్రం
తరుగు రాయబుద్ధి కాలేదు.